సిస్టరమ్మ జెముడు వైద్యం

ముప్పైనాలుగేళ్లు సర్కారీ నర్సుగా పనిచేసి రిటైరైన దుర్గమ్మకు వీడ్కోలు సభలో ఆఫీసు వాళ్లు ఒక ముళ్లచెట్టు ఇచ్చారు.

మామూలుగా గోడగడియారం ఇస్తారు. ఆమెకు ముందు ఆ ఆఫీసులో రిటైరైన ఎనిమిది మందికీ గడియారాలే ఇచ్చారు. ఆ ఎనిమిది సభల్లోనూ దుర్గమ్మ ముందువరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. తన వంతు గడియారం తగిలించడానికి హాల్లో మేకు కూడా కొట్టించి పెట్టుకుంది. తీరా ఆ రోజు శాలువా కప్పి, బంతిపూల దండ వేసి, చేతిలో పెట్టింది చూస్తే తెల్లటి పింగాణీ కుండీ, అందులో జానెడు ఎత్తున కర్రముక్కలా నిలబడ్డ కాక్టస్. ఒళ్లంతా ముళ్లు.

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వుకు కారణం దుర్గమ్మకు వేరే చెప్పక్కర్లేదు. బస్తర్‌లో గీదం చుట్టుపక్కల ఊళ్లలో ఆమె సూదికి పెద్ద పేరు. అన్నం తినని పిల్లల్ని తల్లులు "సిస్టర్ దీదీ వస్తోంది" అని భయపెట్టేవాళ్లు. అలాంటి మనిషికి ముళ్లచెట్టు ఇచ్చారంటే ఎవరో బాగా ఆలోచించే ఇచ్చి ఉండాలి. నవ్విందెవరా అని ఆమె తల తిప్పి చూసింది. మూడో వరసలో దీప, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఉంది. దీప రెండేళ్ల కిందట చేరిన చిన్న నర్సు, తనలాగే తెలుగు పిల్ల. టీకాల రిజిస్టర్ సరిగా లేదని దుర్గమ్మ ఆ పిల్లచేత మూడుసార్లు తిరగరాయించింది.

"ఇది ఆ పిల్ల పనే. గడియారం వద్దని చెప్పి దీన్ని కొనిపించింది," అని ఇంటికొచ్చి పక్కింటి అన్నపూర్ణమ్మతో అంది.

ఆ వీధిలో తెలుగిళ్లు రెండే. ఇద్దరి పుట్టిళ్లూ తెలుగు సరిహద్దులో ఉన్న కుంట అనే ఊళ్లోనే. అన్నపూర్ణమ్మ భర్తకు గీదం బజారులో కిరాణా కొట్టుంది. దుర్గమ్మ పెళ్లి చేసుకోలేదు. పగలంతా హల్బీ, గోండీ, హిందీ మాట్లాడి అలసిపోయిన నాలుకలకి సాయంత్రం ఈ రెండిళ్ల మధ్య గోడ దగ్గరే విశ్రాంతి.

"జెముడును ఇంట్ల పెట్టుకుంటరా వదినా! కీడు. తీసుకపోయి చెత్తబండిల వేసెయ్," అంది అన్నపూర్ణమ్మ.

"ఎందుకు వెయ్యాలె? సర్కారు ఇచ్చింది. ఉండనియ్. చూసినప్పుడల్లా దీప మొహం గుర్తుకొస్తది," అని దుర్గమ్మ దాన్ని తీసుకెళ్లి హాలు మూల ఫ్రిజ్ మీద పెట్టింది. కిటికీ అటు చివర ఉంటుంది, ఆ మూలకి వెలుతురు రాదు. తాగగా గ్లాసులో మిగిలిన నీళ్లు అప్పుడప్పుడు అందులో ఒంపేది. అంతకు మించి దాని మొహం చూసింది లేదు.

రెండున్నర నెలలు గడిచాయి. రిటైరైనా దుర్గమ్మకు తెల్లవారుజాము ఐదింటికే మెలకువ వచ్చేది. స్నానం చేసి, జడ వేసుకుని, సంచీ సర్ది భుజాన వేసుకున్నాక, వెళ్లే చోటు లేదని గుర్తొచ్చేది. సంచీ దించి టీ పెట్టుకునేది. వీధిలో ఎవరైనా దగ్గితే చెవులు రిక్కించేది. అన్నపూర్ణమ్మకు వారంలో రెండుసార్లు బీపీ చూసేది. మూడోసారి పట్టీ పట్టుకుని గోడ దగ్గరికొస్తే అన్నపూర్ణమ్మ పొయ్యి మీద పాలున్నాయని లోపలికి పారిపోయేది.

ఏప్రిల్ నెలలో ఒకరోజు ఫ్రిజ్ మీద దుమ్ము తుడుస్తూ ఆగిపోయింది దుర్గమ్మ. చెట్టు కిటికీ వైపు ఒరిగిపోయి ఉంది. కింది సగం మామూలుగానే ఉంది కానీ, కొత్తగా పెరిగిన పై భాగం చిటికెన వేలంత సన్నగా, పాలిపోయి, గొంతు చాచి ఎవరినో పిలుస్తున్నట్టుంది.

"అయ్యో. రక్తం లేదు దీనికి," అంది పైకే.

ఇచ్చింది ఎవరైనా, ఎందుకిచ్చినా, జబ్బుపడ్డ ప్రాణం కళ్ల ముందుంటే దుర్గమ్మ చేతులు ఊరుకోవు. అప్పటికప్పుడు పాత రిజిస్టర్‌లో కొత్త పేజీ తెరిచింది. పేషెంట్ పేరు: కాక్టస్. ఆడ లేక మగ: తెలియదు. వయసు: తెలియదు. తండ్రి పేరు దగ్గర కాసేపు ఆలోచించి "సర్కారు" అని రాసింది. ఫిర్యాదు: నీరసం, మెడ సాగుట, రక్తహీనత. కింద సంతకం పెట్టి తేదీ వేసింది. మనసుకి ఎంత హాయిగా ఉందంటే, ఆ రోజు మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువే తింది.

వెలుతురు లేకనే ఇలా అయిందని ఆమెకు తట్టింది. అంతవరకు సరైన మాటే. కానీ దుర్గమ్మ దేన్నీ కొంచెం కొంచెంగా చేసే మనిషి కాదు. చెట్టును తీసుకెళ్లి డాబా మీద నడినెత్తి ఎండలో పెట్టింది. బస్తర్ ఏప్రిల్ ఎండ. మూడో రోజుకి దాని వీపు మీద తెల్లగా, ఆ తర్వాత గోధుమరంగులో రూపాయి బిళ్లంత మచ్చ తేలింది.

"కాలిన గాయం," అని రిజిస్టర్‌లో రాసి, దూది చుట్టిన పుల్లతో ముళ్ల సందుల్లో మలాం పూసింది. వేళ్లకి ఏడు ముళ్లు దిగాయి. గోడ అవతలి నుంచి అన్నపూర్ణమ్మ చూసింది.

"ఏంది వదినా అది? జెముడుకు మందు రాస్తున్నవా?"

"కాలింది. ఎవరికి కాలినా ఇదే మందు."

"పట్టీ కూడ కడతవా?"

"గాలి తగలాలె. కట్టొద్దు," అంది దుర్గమ్మ, అది ఎగతాళి అని తోచక.

చెట్టు మళ్లీ హాల్లోకొచ్చింది. ఈసారి టీవీ పక్కన. వారం తిరిగేసరికి దాని ఒళ్లు ముడతలు పడింది. దుర్గమ్మ రెండు వేళ్లతో మెల్లిగా నొక్కి చూసింది. ముడతలు, లోపలికి పోయిన పక్కలు, వాడిపోయిన రంగు. ముప్పైనాలుగేళ్లలో ఇలాంటి ఒళ్లు ఆమె కొన్ని వేలు చూసింది. చింతలనార్‌లో పనిచేసినప్పుడు ఒక్క వానాకాలంలోనే విరేచనాలతో వచ్చిన యాభై మంది పిల్లల్ని ఈ లక్షణాలు చూసే పట్టుకుని బతికించింది. ఇంక అనుమానమేముంది?

"ఒంట్లో నీళ్లు పోయినయ్," అని నిర్ధారించి, లీటరు నీళ్లు కాచి చల్లార్చి, ఓఆర్ఎస్ పొట్లం కలిపింది. గంటకో రెండు చెంచాలు. అలారం పెట్టుకుని మరీ పోసింది. రెండో రోజు నుంచి అందులో బీ-కాంప్లెక్స్ మాత్ర నూరి కలిపింది.

ముందు చీమలొచ్చాయి. ఓఆర్ఎస్‌లో గ్లూకోజు ఉంటుంది కదా, ఆ తీపికి వీధిలో చీమలన్నీ హాల్లోకి బారులు తీరాయి. చీమల చాక్‌పీసుతో కుండీ చుట్టూ గీత గీసింది. తర్వాత మట్టి మీద తెల్లటి పెచ్చు కట్టింది. ఆ తర్వాత చెట్టు సందుల్లో దూదిపింజల్లాంటివి కనబడ్డాయి. తను మలాం పూసినప్పుడు అంటుకున్న దూదేమో అనుకుని వదిలేసింది. చివరికి చెట్టు మొదలు పసుపురంగుకి తిరిగి, వేలితో తాకితే మగ్గిన అరటిపండులా మెత్తగా తగిలింది.

ఆ రోజు రిజిస్టర్‌లో ఏం రాయాలో దుర్గమ్మకు తోచలేదు. చాలాసేపు కలం పట్టుకుని కూర్చుని, చివరికి ఒక్క మాట రాసింది: "రెఫర్."

తన చేతిలో లేని కేసును పెద్ద ఆస్పత్రికి పంపడంలో ఆమెకు ఎప్పుడూ నామోషీ లేదు. జగ్దల్‌పూర్‌లో బస్టాండుకి దగ్గర్లో ఒక పూలమొక్కల నర్సరీ ఉందని, అక్కడి మాలీకి చెట్ల జబ్బులు బాగా తెలుసని కిరాణా కొట్టు దగ్గర ఎవరో చెప్పారు. మర్నాడు పొద్దున్నే చెట్టును అట్టపెట్టెలో దించి, గాలి ఆడేందుకు పెట్టెకు కత్తెరతో రంధ్రాలు పొడిచి, ఏడింటి బస్సెక్కింది.

పక్క సీట్లో ఒకాయన కోడిపందేల పుంజును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బస్తానార్ ఘాట్ మలుపుల్లో పెట్టె అటూ ఇటూ ఊగుతుంటే, లోపల పురుగో గింజో ఉందనుకుందేమో, ఆ పుంజు మెడ చాచి ఒక రంధ్రంలోకి ముక్కు దూర్చింది. మరుక్షణం అది చేసిన గోలకి డ్రైవరు బ్రేకు వేశాడు.

"దీదీ, పెట్టెలో ఏముంది? పాము గానీ ఉందా?" అన్నాడు పుంజు యజమాని కాళ్లు సీటు మీదికి లాక్కుంటూ.

"పేషెంట్," అంది దుర్గమ్మ.

అంతలో ఆమె పుంజు మెడ పట్టుకుని, ముక్కు పక్కన దిగిన ముల్లు పీకి, సంచీలోంచి స్పిరిటు దూది తీసి తుడిచేసింది. బస్సులో సగం మంది లేచి నిలబడి చూశారు. జగ్దల్‌పూర్ చేరేలోగా ముగ్గురికి బీపీ, ఒకావిడకి గోరుచుట్టు చూడాల్సి వచ్చింది. ఆ మూడు గంటలూ దుర్గమ్మకు మళ్లీ డ్యూటీలో ఉన్నట్టే ఉంది.

నర్సరీలో మాలీ పేరు మంగ్లూ. యాభై ఏళ్లుంటాయి. మోకాళ్ల దాకా ఎగగట్టిన లుంగీ, చెవి మీద బీడీ. చెట్టును పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా చుట్టూ తిరిగి చూశాడు. మొదలు నొక్కాడు, వాసన చూశాడు, మట్టి మీద పెచ్చు గోటితో గీరాడు.

"ఏం పోశావు దీనికి?" అని హల్బీలో అడిగాడు.

"నీళ్లు," అంది దుర్గమ్మ అదే భాషలో.

"నీళ్లేనా?"

"నీళ్లే. వేరే ఏం పోస్తా?"

మంగ్లూ ఆమెను తేరిపార చూశాడు. గోటికి అంటిన తెల్లపొడిని నాలుక చివర పెట్టుకున్నాడు. చప్పరించాడు.

"ఉప్పు," అన్నాడు. మళ్లీ చప్పరించి, "చక్కెర కూడా."

దుర్గమ్మ తలెత్తి, పైన కట్టిన ఆకుపచ్చ నీడగుడ్డను శ్రద్ధగా చూడసాగింది.

"దీదీ, నువ్వు గీదం సిస్టర్‌వి కదూ?" అన్నాడు మంగ్లూ. "నన్ను నువ్వు గుర్తుపట్టవులే. పన్నెండేళ్లయింది. నా బిడ్డకి వాంతులు, విరేచనాలు. ఎత్తుకుని నీ దగ్గరికొచ్చాను. ఇంట్లో ఏం పట్టించావని అడిగావు. ఏమీ లేదన్నాను. అప్పటికి మూడు రోజులు గునియా దగ్గర తిప్పి, వాడిచ్చిన వేరు నూరి పోసి, తాయెత్తు కట్టి తెచ్చాను. పిల్ల నాలుక చూసి నువ్వు కనిపెట్టేశావు. ఊళ్లో వాళ్లందరి ముందూ నన్ను ఏమన్నావో గుర్తుందా?"

దుర్గమ్మకు గుర్తులేదు. అయినా ఏమని ఉంటుందో బాగా తెలుసు. మంత్రం వేసే గునియా దగ్గరికి ముందు వెళ్లి, తన దగ్గరకొచ్చి అబద్ధం చెప్పిన ప్రతివాడినీ ఒకే మాట అనేది.

"చెప్పు, ఏమన్నాను?" అంది నీరసంగా.

"'రోగం చంపదు, నువ్వు దాచిపెట్టేదే చంపుతుంది. నిజం చెప్పు, లేదా బయటికి నడు,' అన్నావు." మంగ్లూ గొంతులో కోపం లేదు. పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. "పిల్ల బతికింది. ఇప్పుడు తొమ్మిదో క్లాసు. సరే, ఇప్పుడు చెప్పు. ఏం పోశావు?"

దుర్గమ్మ చుట్టూ చూసింది. గులాబీ మొక్కలకి బేరమాడుతున్న ఇద్దరు ఆడవాళ్లు ఇటే చెవి పెట్టి ఉన్నారు. గొంతు తగ్గించి మొదలుపెట్టింది. ఓఆర్ఎస్. బీ-కాంప్లెక్స్. కాలినదానికి మలాం. మొదట్లో ఫ్రిజ్ మీద పెట్టడం, తర్వాత ఎండలో పెట్టడం. చీమల మందు గీత దాకా అన్నీ ఒప్పుకుంది.

మంగ్లూ అంతా విని, బీడీ చెవి మీంచి తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"మా గునియా నయం," అన్నాడు.

దుర్గమ్మ సంచీ ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

అప్పుడతను ఒక్కొక్కటే వేలితో తాకి చూపిస్తూ చెప్పాడు. పైన సన్నగా సాగింది రక్తం లేక కాదు, చీకట్లో ఉండి వెలుతురు వెతుక్కుంటూ పరిగెత్తింది. చీకట్లో ఉన్నదాన్ని ఒక్కసారి ఎండలో పడేస్తే ఒళ్లు కాలుతుంది, రోజుకి కాస్త చొప్పున అలవాటు చెయ్యాలి. ఈ తెల్లటివి దూది కాదు, రసం పీల్చే పురుగులు. ముడతలు పడ్డది నీళ్లు లేక కాదు.

"మరి?" అంది దుర్గమ్మ. తన వైద్యంలో ఎక్కువ నమ్మకం పెట్టుకున్నది ఆ ఒక్కదాని మీదే.

మంగ్లూ కుండీని తలకిందులు చేసి తట్టాడు. అడుగున చిల్లు లేదు. పోసిన చుక్క పోసినట్టే లోపలే ఉంది. బురద ముద్దలా ఊడిపడ్డ మట్టిలో వేళ్లు నల్లగా, కుళ్లిన వాసనతో, పట్టుకుంటే తోలు ఊడొచ్చేలా ఉన్నాయి.

"తాగే నోరే కుళ్లిపోయింది దీదీ. నీళ్లలో నిలబడి దాహంతో ఎండిపోయింది. నువ్వేమో దాహం కదా అని ఇంకా పోశావు."

దుర్గమ్మ ఒక నల్లటి వేరును తీసి నలిపి చూసింది. తిట్టడానికి ఎదురుగా ఎవరూ లేకపోవడం ఆమెకు కొత్తగా ఉంది.

"బతుకుతుందా?" అని అడిగింది. రోగుల బంధువులు తనని అడిగే గొంతుతోనే అడిగిందని ఆమెకు అనిపించింది.

"కోసెయ్యాలి. కుళ్లు ఎంత దూరం పాకిందో చూడాలి. మంచి కండ మిగిలితే బతుకుతుంది."

అతను తుప్పు పట్టిన చాకు తీయగానే దుర్గమ్మలోని నర్సు మేలుకుంది. "ఆగు. దాంతోనా కోస్తావు? ధనుర్వాతం వస్తుంది," అని సంచీలోంచి కొత్త బ్లేడు తీసి, స్పిరిటుతో తుడిచి, చెట్టును కాగితంతో చుట్టి పట్టుకుంది. మొదటి కోత. లోపల మధ్యలో గోధుమరంగు చుక్క. మళ్లీ బ్లేడు తుడిచి కాస్త పైన కోసింది. ఇంకా చుక్క ఉంది. నాలుగో కోతకి కండ దోసకాయ ముక్కలా తేటగా, పచ్చగా వచ్చింది. చుక్క లేదు. పురుగులను స్పిరిటు దూదితో ఒక్కొక్కటే తుడిచేసింది. గులాబీలు బేరమాడే ఆడవాళ్లు బేరం మానేసి దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"ఇలాంటి చెయ్యి నేను చూడలేదు," అన్నాడు మంగ్లూ మనస్ఫూర్తిగా. "ఇక అసలు వైద్యం విను. దీన్ని ఇంటికి తీసుకెళ్లి, వెలుతురున్న నీడలో, కాగితం మీద పడుకోబెట్టు. మట్టి వద్దు. నీళ్లు వద్దు. పదిహేను రోజులు. కోసిన చోటు ఎండి గట్టిపడాలి. ఆ తర్వాత ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో, చిల్లున్న కుండీలో నిలబెట్టు. వేరు పట్టేదాకా చుక్క నీళ్లు పొయ్యకు. ఈ సన్నటి మెడ మళ్లీ లావెక్కదు, మచ్చ కూడా పోదు. ఇకమీద పెరిగేది బాగా పెరిగితే చాలు."

"మరి ఈ పదిహేను రోజులు నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకూడదు."

"రాత్రి ఒకసారి తడిగుడ్డతో—"

"దీదీ!" అన్నాడు మంగ్లూ, పన్నెండేళ్ల కిందటి ఆమె గొంతును అచ్చంగా దింపేస్తూ.

ఇల్లు చేరిన దుర్గమ్మ కిటికీ దగ్గర బల్ల మీద వార్తాపత్రిక పరిచి, వేళ్లు లేని చెట్టును పడుకోబెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. అన్నపూర్ణమ్మ చూడటానికి వచ్చింది.

"ఇది చచ్చింది కద వదినా. పడుకోబెట్టి పక్కన కూసున్నవ్. దీపం ఒక్కటి తక్కువ."

"నోరు ముయ్. ఆపరేషన్ అయింది. రెస్టుల ఉంది."

మూడు రోజులు నానా యాతన పడింది దుర్గమ్మ. నీళ్ల గ్లాసు చేతిలోకి తీసుకుంటే కళ్లు దాని మీదికే పోయేవి. నాలుగో రోజు మధ్యాహ్నం దూది తడిపి మరీ బల్ల దగ్గరికొచ్చింది. "ఒక్క చుక్కే," అని దానితోనే చెప్పుకుంటూ చెయ్యి చాపిన సమయానికి గుమ్మంలో ఎవరో దగ్గారు.

దీప నిలబడి ఉంది. తడిదూది చటుక్కున కొంగులో దాక్కుంది.

"మేడం, మీతో ఒక పనిబడి వచ్చిన," అంది దీప గుమ్మం దాటకుండానే. ఇంద్రావతి అవతలి ఊళ్లలో టీకాల క్యాంపు పెట్టారట. వానలు పడితే నది దాటలేరు కాబట్టి ఇప్పుడే చెయ్యాలి. పన్నెండు రోజులు అక్కడే మకాం. మొదటి ఊళ్లోనే తల్లులు పిల్లల్ని దాచేశారు. కొత్త పిల్ల పొడిస్తే జ్వరం వస్తుందని, పాత సిస్టర్ వస్తేనే పొడిపించుకుంటామని కూర్చున్నారు.

"నేను ఎంత చెప్పినా వింటలేరు. సార్‌ని అడిగిన. మీరు వస్తనంటే బండి పంపుత అన్నడు." దీప కళ్లు దించుకుంది. "మీరు నామీద కోపంగ ఉన్నరని తెలుసు. అయినా వచ్చిన."

దుర్గమ్మ కొంగులో తడిదూది నీళ్లు కారుతూ చీర తడిసిపోతోంది. బల్ల మీదికి చూసింది. పదిహేను రోజుల్లో ఇంకా పదకొండు ఉన్నాయి. తను ఈ ఇంట్లో ఉంటే ఈ ప్రాణి బతకదని ఆ క్షణంలో ఆమెకు స్పష్టంగా అర్థమైంది.

"బండి ఎప్పుడు?" అంది.

అన్నపూర్ణమ్మకు తాళంచెవి కూడా ఇవ్వలేదు. ఎవరికిచ్చినా జాలిపడతారని ఆమె భయం.

మర్నాడు పొద్దున్న ఇంద్రావతి రేవులో పడవెక్కారు. దీప, దుర్గమ్మ, టీకాల డబ్బా ఒళ్లో పెట్టుకుని ఆఫీసు ప్యూను లచ్చు. నది మధ్యకి చేరాక దుర్గమ్మ ఇక ఆగలేకపోయింది.

"దీపా, ఒకటి అడుగుత, సూటిగ చెప్పు. ఆ ముళ్లచెట్టు నాకు ఇప్పియ్యాలని ఎందుకు అనిపించింది నీకు?"

"నేనా?" దీప నోరు తెరిచింది. "నాకేం తెలుసు మేడం? మేమందరం గడియారానికే పైసలు ఇచ్చినం."

"మరి నవ్వినవ్ కద?"

"అది లచ్చన్న మొహం చూసి నవ్విన. ఆ చెట్టు మీ చేతుల పెట్టినప్పుడు ఆయన స్టేజీ వెనక దండం పెట్టుకుంట నిలబడ్డడు."

ఇద్దరూ లచ్చు వైపు తిరిగారు. తెలుగులో తన పేరు వినబడగానే అతనికి సంగతి తెలిసిపోయింది. పడవలో పారిపోయే చోటు లేదు.

"గడియారమే కొన్నాను దీదీ," అన్నాడు హిందీలో, టీకాల డబ్బాను గట్టిగా కావలించుకుని. "జగ్దల్‌పూర్‌లో, పెద్దది, గంటకో పాట పాడేది. బస్సెక్కి సీటు మీద పెట్టాను. దాని మీద ఒకడు కూర్చున్నాడు. అద్దం పగిలింది, ముళ్లు ఊడిపోయాయి. సభ ఆ సాయంత్రమే. బస్టాండు బయట తోపుడుబండి మీద ఇవి అమ్ముతున్నారు. నా జేబులో ఉన్నదానికి అదే వచ్చింది."

"కళ్లు కనబడలేదా వాడికి? ఎవడా కూర్చున్నవాడు? పట్టుకుని అడగలేదా?" అని మండిపడింది దుర్గమ్మ.

లచ్చు డబ్బా వెనక మొహం దాచుకున్నాడు.

"నేనే దీదీ," అన్నాడు.

పడవ నడిపే అతను ముందు నవ్వాడు. తర్వాత దీప. దుర్గమ్మ నాలుగు నెలలుగా దాచుకున్న కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియక అటూ ఇటూ చూసింది. చివరికి ఆమెకూ నవ్వాగలేదు. పడవ ఊగుతోందని పడవవాడు కసిరేదాకా నవ్వింది.

అవతలి ఊళ్లో పడవ దిగీ దిగగానే ఆమె గొంతు విని తల్లులు గుడిసెల్లోంచి పిల్లల్ని ఈడ్చుకుంటూ వచ్చారు. పిల్లలు ఎప్పటిలాగే చూరు పట్టుకుని ఏడ్చారు. మొదటి రెండు రోజులు సూది దుర్గమ్మే వేసింది. మూడో రోజు నుంచి పిల్లను తను పట్టుకుని, దీపచేత వేయించింది. "మణికట్టు బిగించకు. పొడిచి వెంటనే తియ్. ఆలోచిస్తె నొప్పి పుడతది," అని పక్కన నిలబడి నేర్పింది. ఐదో ఊరికి వచ్చేసరికి తల్లులు దీపనే వేయమన్నారు. దుర్గమ్మ చెయ్యి ఈ మధ్య బరువెక్కిందట. ఆ మాటకి రెండు గంటలు మూతి ముడుచుకుని, భోజనాల వేళకి మామూలైపోయింది.

పన్నెండు రోజుల తర్వాత ఇల్లు చేరి, చెప్పులు విప్పకుండానే కిటికీ దగ్గరికి వెళ్లింది. చెట్టు ఎలా పడుకోబెట్టిందో అలాగే ఉంది. ముడతలు ఉన్నాయి, రంగు మాత్రం చెడలేదు. వేలితో నొక్కింది, గట్టిగా ఉంది. మెల్లిగా తిప్పి కోసిన చోటు చూసింది. ఎండి తోలులా బిగుసుకుంది. ఆ తోలు మధ్యలోంచి చిన్నపిల్లల చిగుళ్లలోంచి వచ్చే పాలపళ్లలా తెల్లగా మూడు మొనలు బయటికొచ్చాయి.

"అన్నపూర్ణా!" అని ఆమె వేసిన కేకకి పక్కింటావిడ పొయ్యి మీద కూర వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది వదినా? పామా?"

"వేర్లొచ్చినయ్! చూడు, మూడు!"

అన్నపూర్ణమ్మ వంగి చూసింది. ఒప్పుకోవడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది. "ఏం పోసినవ్?" అంది చివరికి.

"ఏం పొయ్యలే. ఇంట్ల లేను."

ఆదివారం సంతలో మాసే అనే కుమ్మరావిడ దగ్గర చిన్న మట్టికుండ తీసుకుని, అడుగున చిల్లు పెట్టమంది. మంచి కుండకి చిల్లెందుకు పెట్టాలని మాసే కొట్లాటకి దిగింది. పగిలితే తన పేరు పోతుందని, చిల్లున్న కుండ మాసే అమ్మిందని సంతంతా చెప్పుకుంటారని వాదించింది. అది నీళ్లకి కాదు, చెట్టుకి అని చెప్పి, దుర్గమ్మే మేకుతో తిప్పి తిప్పి చిల్లు చేసుకుంది. ఇసుక, కాస్త మట్టి, ఇటుకముక్కల పొడి కలిపి చెట్టును నిలబెట్టింది. పొద్దుటి లేత ఎండ గంటసేపు తగిలే కిటికీలో పెట్టి, రోజూ కాస్త ముందుకు జరుపుతూ వచ్చింది.

వేరు పట్టిందని తేలాక, జూలైలో ఒక ఉదయం, మొదటిసారి నీళ్లు పెట్టింది. చెంబూ గ్లాసూ తన చేతికి ఇవ్వకూడదని ముందే నిశ్చయించుకుంది. ఇరవై ఎం.ఎల్. సిరంజి తీసి, సూది పక్కన పెట్టి, కొలిచి, కుండ అంచు చుట్టూ మెల్లిగా వదిలింది. ఇసుక నీళ్లు పీల్చుకుంది. అడుగు చిల్లులోంచి ఒక చుక్క పళ్లెంలోకి జారింది. రిజిస్టర్‌లో తేదీ వేసింది, పక్కన మోతాదు రాసింది.

బయట హారన్ మోగింది. వానలో తడుస్తూ దీప బండి తలుపు తీసి పట్టుకుని ఉంది. ఈసారి క్యాంపు బారసూర్ వైపు, నాలుగు రోజులు. దుర్గమ్మ సిరంజి కడిగి బోర్లించి, సంచీ భుజాన వేసుకుని, తాళం పెట్టి మెట్లు దిగింది.